ఆపేముందు ఆగండి!

అమలాపురంలో ఓ మండువా ఇల్లు ఊహించుకోండి. వీధి గదిలో చెక్కబల్ల కింద ఓ పాత కంప్యూటర్ పెట్టె. దానికి తెర లేదు, కీబోర్డు లేదు, మౌసూ లేదు. ముందువైపు పచ్చలైటు ఒకటి, లోపల ఫ్యాను రొద... అంతే. ఊడ్చే చీపురు కూడా దాని దాకా వెళ్లి ఆగిపోతుంది. 'దాని జోలికెళ్లొద్దు' అని ఇంటి ఇల్లాలి కట్టడి మరి!

అమెరికా వెళ్లేముందు కొడుకు తన పాత కంప్యూటర్లో లైనక్స్ వేసి, 'నాన్నగారూ, ఇది ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి, ఇంట్లోవన్నీ ఇక ఇందులోనే' అని చెప్పి విమానమెక్కాడు. రిటైరైన మాస్టారు ఆ మాట తు.చ. తప్పలేదు. కరెంటు పోతే ఆగిపోతుందేమోనని ఇన్వర్టర్ పెట్టించారు. ఘంటసాల పాటలు, పెళ్లి ఫొటోలు, కొబ్బరి దింపుల లెక్కలు, గేటు దగ్గరి కెమెరా రికార్డింగులు... ఒకటేమిటి, అన్నీ ఆ పెట్టెలోకే చేరాయి. వాటితోపాటు ఇంకోటి కూడా ఉంది. మాస్టారి తల్లి పోయేముందు మనవడు రికార్డు చేసిన పావుగంట కబుర్లు. పెళ్లికూతురిగా పడవలో గోదావరి దాటిన సంగతి ఆవిడ చెబుతుంటే మధ్యమధ్యలో దగ్గు, వెనకాల ఓ కాకి అరుపు. ఆ గొంతు మరెక్కడా లేదు.

ఓ ఆదివారం పొద్దున్న పాట ముక్కముక్కలుగా రావడం మొదలైంది. ఫొటో తెరవబోతే నిమిషం, రెండు నిమిషాలు... తెరుచుకోదు. పక్కింటి కుర్రాడు తొంగిచూసి తేల్చేశాడు.

''ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరిపోద్దండి మాస్టారూ!''

మాస్టారి వేలు బటన్ దాకా వెళ్లింది.

''ఏవండీ, ముందు పిల్లాడికి ఓ ఫోన్ కొట్టండి'' వంటింట్లోంచి కేక.

ఆ కేకే లేకపోతే ఏమయ్యేదో చూద్దాం.

గుర్తులు చెరిగిపోతాయి

'ఆఫ్ చేసి ఆన్ చెయ్యి' అన్నది చెత్త సలహా ఏమీ కాదు. టీవీకి, ఫోనుకి, మోడెమ్‌కి పదింట తొమ్మిదిసార్లు అదే మందు. ఆ పెట్టెల్లో దాచుకున్నది పెద్దగా ఉండదు కాబట్టి అక్కడ పేచీ లేదు. ఏళ్ల తరబడి ఆగకుండా నడుస్తున్న సర్వర్ కథ వేరు. దానికి ఎక్కడ నొప్పి పుడుతోందో చెప్పే ఆనవాళ్లన్నీ నడుస్తున్నప్పుడే దొరుకుతాయి. ఏ ప్రోగ్రాము ఎక్కడ ఇరుక్కుందో, ఏది మెమరీ మింగేస్తోందో, డిస్కు ఏ మూల మొరాయిస్తోందో... ఇవన్నీ ర్యామ్‌లో రాసిన రాతలు. కరెంటు తీసిన మరుక్షణం పలక తుడిచినట్టే. మళ్లీ ఆన్ చేశాక బాగుంటే 'హమ్మయ్య' అనుకుంటాం. జబ్బేమిటో తెలియలేదు కాబట్టి అది మళ్లీ వస్తుంది, ఈసారి అర్ధరాత్రి వస్తుంది.

రెండో ప్రమాదం ఇంకా పెద్దది. ఆగిన పెట్టె మళ్లీ లేస్తుందా? ఏళ్లుగా నిమిషానికి 7200 చుట్లో, 5400 చుట్లో తిరుగుతున్న హార్డ్‌డిస్కు వేడి మీద ఉన్నంతసేపూ ఎలాగోలా తిరుగుతూనే ఉంటుంది. ఒకసారి ఆగి, చల్లారాక మళ్లీ కదలమంటే... ముసలి ఎద్దు కూలబడితే లేపడం ఎంత కష్టమో రైతులకు వేరే చెప్పాలా?

డెల్టా వాళ్లకి ఈ సంగతి అర్థమయ్యేలా చెప్పాలంటే కంప్యూటర్ దాకా వెళ్లక్కర్లేదు, కాలువగట్టు చాలు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసింది మొదలు, 1982లో దాని స్థానంలో కొత్త బ్యారేజీ పూర్తయ్యాక కూడా తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు ఏడాదిలో ఎక్కువ భాగం పారుతూనే ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేస్తారు. తూడు, గుర్రపుడెక్క తీయడానికి, లాకుల తలుపులు బాగుచేయడానికి, గట్లు పూడ్చడానికి అదే అదను. అయితే కట్టేసేముందు ఏం చేస్తారు? ఊరూరా మంచినీళ్ల చెరువులు నింపుకుంటారు! నింపుకోకుండా కట్టేస్తే వేసవంతా బిందెలు పట్టుకుని తిరగాల్సిందే. ఏ తూము కారుతోందో, ఏ గట్టు ఊటెక్కుతోందో నీళ్లు పారుతున్నప్పుడే గుర్తుపెట్టుకుంటాడు లస్కరు. ఎండిన కాలువలో కన్నం వెతకడం ఎవరి తరం? సర్వర్ ఆపడం కూడా అచ్చంగా ఇదే పని. చెరువు ముందు, కట్టెయ్యడం తర్వాత.

రోజులు లెక్కపెట్టే పిచ్చి

లైనక్స్ వాడేవాళ్లకి ఓ సరదా ఉంది. 'అప్‌టైమ్' అని టైపు చేస్తే పెట్టె ఎన్ని రోజులుగా ఆగకుండా నడుస్తోందో చెబుతుంది. వందలు దాటేకొద్దీ గర్వం. 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ సరదాగా మొదలుపెట్టిన ఈ వ్యవస్థ ఇవాళ ఆండ్రాయిడ్ ఫోను నుంచి ఇంటర్నెట్టును నడిపే సర్వర్ల దాకా పాకిపోయింది. తెలుగులోనూ పనిచేసే లైనక్స్‌ను 'స్వేచ్ఛ' సంస్థ వాళ్లు తయారుచేశారు. ఏళ్ల తరబడి ఆగకుండా నడుస్తుందన్నదే దీనికి పెద్ద పేరు.

ఆ పేరులో ఓ తమాషా ఉంది. పాత 32 బిట్ల లైనక్స్ గడియారం సెకనుకు వందసార్లు టిక్కుమనేది. ఆ టిక్కులు రాసుకునే పుస్తకంలో దాదాపు 429 కోట్ల గీతలకే చోటుంది. 497 రోజులకి పుస్తకం నిండిపోయి, మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేది. రెండేళ్లు నడిచిన పెట్టె కూడా 'నేను పుట్టి ఎనిమిది నెలలే' అనేది, వయసు దాచే పెద్దమనిషిలా! తర్వాతి లైనక్స్‌లో పుస్తకం పెంచేశారు. ఇలాంటి చోట తప్పులు దాక్కుని ఉంటే ఏడాదిన్నరకి గానీ బయటపడవని, ఆ పాత టిక్కుల లెక్కను కావాలనే 'నిండటానికి అయిదు నిమిషాలు' అన్నచోట మొదలుపెట్టారు. పెట్టె ఆన్ చేసిన అయిదు నిమిషాలకే గండం వచ్చి పోతుంది. తప్పుంటే వెంటనే దొరికిపోతుంది. బుర్రంటే అదీ!

అయినా గండాలు తప్పలేదు. 208 రోజులు దాటాక కొన్ని యంత్రాలు కుప్పకూలుతున్నాయని 2011 ప్రాంతంలో తేలింది. అదీ గడియారం లెక్క పొంగిపోవడమే. విండోస్ 95, 98లకి ఈ గండం 49.7 రోజులకే ఉండేది. మైక్రోసాఫ్ట్ దాన్ని కనిపెట్టి సరిచేసింది 1999లో. అంతకాలం ఎవరికీ తెలియకపోవడానికి కారణం... అన్ని రోజులు పడిపోకుండా నడిచిన విండోస్ 95 ఎవరి ఇంట్లోనైనా ఉంటేగా అని అప్పట్లో నవ్వుకునేవారు.

నవ్వలేని కథలూ ఉన్నాయి. 2004 సెప్టెంబరు 14న అమెరికాలో లాస్ ఏంజెలిస్ ప్రాంతపు విమానాలతో మాట్లాడే రేడియో వ్యవస్థ ఉన్నట్టుండి మూగబోయింది. గాల్లో వందల విమానాలు, కింద నోరు పెగలని కంట్రోలర్లు. దాంట్లోని గడియారానికీ అదే 49.7 రోజుల గండం. అందుకని నెలకోసారి రీబూట్ చెయ్యాలని నియమం పెట్టారు. ఆ నెల ఆ పని జరగలేదు. 2015లో బోయింగ్ 787 విమానాల గురించి అమెరికా విమానయాన అధికారులు ఓ హెచ్చరిక జారీ చేశారు. 248 రోజులు ఆపకుండా కరెంటులో ఉంచితే జనరేటర్లను అదుపుచేసే పెట్టెలన్నీ ఒకేసారి చేతులెత్తేస్తాయి, కాబట్టి మధ్యలో ఆపి మళ్లీ వెయ్యండి అని.

అన్నింటికన్నా విషాదం 1991 ఫిబ్రవరి 25న సౌదీలోని దహ్రాన్‌లో జరిగింది. గల్ఫ్ యుద్ధం రోజులు. అక్కడి పేట్రియాట్ క్షిపణి కేంద్రం కంప్యూటర్ వంద గంటలుగా ఆగకుండా నడుస్తోంది. సెకనులో పదో వంతును అది పూర్తిగా రాసుకోలేదు, కాస్త కత్తిరించి రాసుకుంటుంది. ఆ ముక్కలన్నీ పోగై వంద గంటలకి సెకనులో మూడో వంతు తేడా వచ్చింది. స్కడ్ క్షిపణికి ఆ మాత్రం వ్యవధి చాలు, అర కిలోమీటరు దాటిపోతుంది. పేట్రియాట్ తప్పుచోట వెతికింది, ఏమీ కనపడలేదు. 28 మంది సైనికులు చనిపోయారు. 'మరీ ఎక్కువసేపు నడపొద్దు' అని నాలుగు రోజుల ముందే కబురైతే వచ్చింది గానీ, ఎక్కువసేపంటే ఎంతో అందులో లేదు. నిమిషం, నిమిషంన్నరలో అయిపోయే రీబూట్ అది. సరిచేసిన ప్రోగ్రాము ఆ మర్నాడు చేరింది.

కాబట్టి ఎప్పుడూ ఆపకూడదన్న పట్టుదలా మంచిది కాదు. పైగా భద్రత సంగతొకటి ఉంది. లైనక్స్ గుండెకాయలాంటి 'కెర్నెల్'లో లోపాలు దొరుకుతూనే ఉంటాయి. 2007 నుంచీ దాక్కున్న 'డర్టీ కౌ' అనే లోపం 2016లో గానీ బయటపడలేదు. సరిచేసిన కెర్నెల్ డిస్కులోకి దించుకున్నా, రీబూట్ చేసేదాకా నడిచేది పాతదే. నడుస్తుండగానే అతుకులేసే ఉపాయం 2015లో లైనక్స్‌లో చేరింది కానీ, అది పెద్ద కంపెనీలకి. ఇంట్లో పెట్టెకి నెలకో, రెండు నెలలకో ఓసారి పద్ధతి ప్రకారం రీబూట్ చేసుకోవడమే హాయి. మాస్టారి పెట్టెకి ఆ యోగం పట్టలేదు.

అమలాపురం టు డల్లాస్

ఫోను మోగేసరికి అక్కడ శనివారం రాత్రి తొమ్మిదిన్నర.

''ఆపలేదు కదా నాన్నగారూ?''

''లేదురా. మీ అమ్మ ఆపనివ్వలేదు.''

''బతికించింది. లాప్‌టాప్ తీసి, నేను చెప్పింది టైపు చెయ్యండి. వచ్చిందల్లా ఓ కాగితం మీద రాయండి.''

కాగితం మాట చాదస్తం అనిపించొచ్చు. కానీ అదే అసలు మందు. రీబూట్ తర్వాత పోల్చుకోవడానికి మిగిలేది ఆ కాగితమే.

ముందు 'అప్‌టైమ్'. 611 రోజులు అని వచ్చింది. (పాత లైనక్స్ అయ్యుంటే 114 అని బొంకేది.) దాని పక్కనే మూడు అంకెలు: 6.1, 5.9, 5.4. వీటిని 'లోడ్' అంటారు. గత ఒక నిమిషంలో, అయిదు నిమిషాల్లో, పదిహేను నిమిషాల్లో సగటున ఎంతమంది క్యూలో ఉన్నారన్న లెక్క. రెండు కౌంటర్లున్న బ్యాంకులో ఎప్పుడూ ఆరుగురు నిలబడి ఉన్నారంటే ఏదో తేడా ఉన్నట్టే.

తర్వాత 'టాప్'. ఎవరు ఎంత పని చేస్తున్నారో చెప్పే హాజరు పట్టీ. చిత్రం! ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. లోడ్ ఎక్కువుంది కాబట్టి ప్రాసెసర్ అలిసిపోయిందనుకుంటారు. లైనక్స్‌లో డిస్కు కోసం ఎదురుచూస్తూ కదలకుండా కూర్చున్నవాళ్లని కూడా లోడ్‌లోనే కలుపుతారు. అలాంటి ప్రోగ్రాము పక్కన 'డి' అన్న అక్షరం కనిపిస్తుంది. మాస్టారి తెర మీద డీలు వరసగా అయిదు.

''మెమరీ అయిపోయిందేమోరా? ఖాళీ 90 ఎంబీయే చూపిస్తోంది'' మాస్టారికి కంగారు.

''అది ఖాళీగా ఉండకూడదు నాన్నగారూ, దాన్ని పట్టించుకోకండి.''

నిజమే. లైనక్స్ మెమరీని ఊరికే ఉంచదు. ఇటీవల చదివిన ఫైళ్లను అందులో అట్టేపెట్టుకుంటుంది, మళ్లీ అడిగితే డిస్కు దాకా వెళ్లకుండా అందివ్వడానికి. ఎవరికైనా చోటు కావాలంటే వెంటనే ఖాళీ చేసి ఇస్తుంది. 'ఫ్రీ' అని కొడితే వచ్చే పట్టీలో 'అవైలబుల్' అన్న గడి చూడాలి, 'ఫ్రీ' అన్న గడి కాదు.

డిస్కులో చోటుందా అని 'డీఎఫ్' చెబుతుంది. ఉంది. చోటు నిండినా సర్వర్ ఇలాగే మొరాయిస్తుంది కాబట్టి అది చూడాల్సిందే. ఒక్కోసారి ఫైళ్లన్నీ కూడితే సగమే ఉంటుంది, డీఎఫ్ మాత్రం నిండిపోయిందంటుంది. ఎవరో పెద్ద ఫైలు చెరిపేశారు, కానీ దాన్ని తెరిచి రాస్తున్న ప్రోగ్రాము ఇంకా వదల్లేదన్నమాట. పొరపాటున చెరిపింది విలువైన ఫైలైతే అదృష్టమే. ఆ ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ దాన్ని వెనక్కి తెచ్చుకునే దారి ఉంది. రీబూట్ చేస్తే ఇక నీళ్లొదులుకోవాల్సిందే.

ఇక మిగిలింది కెర్నెల్ దినచర్య. 'డీమెసేజ్' అని కొట్టగానే తెర నిండా ఎర్రటి వరసలు. అన్నింటిలోనూ ఒకే మొర... ఫలానా డిస్కులో ఫలానా చోట చదవలేకపోతున్నాను, మళ్లీ ప్రయత్నిస్తున్నాను, మళ్లీ చదవలేకపోతున్నాను.

ఆ పెట్టెలో డిస్కులు రెండు. చిన్నదాంట్లో లైనక్స్, పెద్దదాంట్లో ఇంటి సామానంతా. మొరాయిస్తున్నది పెద్దది. డిస్కులు తమ ఆరోగ్యం తామే రాసుకునే 'స్మార్ట్' అనే పట్టీ ఒకటుంటుంది. అది తెరిస్తే, నడిచిన గంటలు 61 వేలు. అంటే ఇంచుమించు ఏడేళ్లు. పాడై వేరేచోటికి మార్చిన గళ్లు 112, చదవలేక పెండింగులో పెట్టినవి 24. ఇందాకే 22 ఉన్నాయి. అరగంటలో రెండు పెరిగాయి.

అటువైపు కాసేపు మాటల్లేవు.

లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ ఇంజినీర్లు 2007లో ఓ అధ్యయనం వెలువరించారు. తనిఖీలో మొదటి లోపం బయటపడిన డిస్కు ఆ తర్వాత 60 రోజుల్లో చచ్చిపోయే అవకాశం, లోపం లేనిదానికన్నా 39 రెట్లు ఎక్కువట. అంటే పొద్దున్న ఆ బటన్ నొక్కి ఉంటే, ఈ ముసలి డిస్కును ఆపి లేపినట్టు అయ్యేది. అదీకాక పాత లైనక్సుల్లో ఆర్నెల్లు దాటితే లేవగానే డిస్కంతా తనిఖీ మొదలయ్యేది. ఊపిరాడనివాడిని పరుగెత్తించి గుండె పరీక్ష చేసినట్టు!

చెరువు నింపుకోవడం

''బయట పెట్టే డిస్కు ఉందా నాన్నగారూ?''

''మీ చెల్లి ఇచ్చింది ఉందిరా. మనవరాలి పుట్టినరోజు వీడియోలు ఉన్నాయి అందులో.''

''చోటుందిగా, చాలు. మొత్తం ఒకేసారి కాపీ పెట్టొద్దు. ఏది పోతే మళ్లీ దొరకదో అది ముందు.''

ఈ ఒక్క మాట పట్టుకుంటే చాలు. చాలామంది మొత్తం డిస్కుని ఎత్తి కాపీ పెడతారు. సినిమాలు, పాటలు గంటల తరబడి వెళ్తుంటాయి, అసలైనది వరసలో చివర ఉంటుంది, ఈలోగా డిస్కు కన్నుమూస్తుంది. ఘంటసాల పాటలు ఊళ్లో నాలుగిళ్లలో దొరుకుతాయి. నాయనమ్మ గొంతు?

అందుకే మొదట ఆ పావుగంట ఫైలు. క్షణంలో వచ్చేసింది. ఒక్క ఎర్ర గీత కూడా లేదు. డిస్కు అంత చెడి ఉంటే ఇదెలా వచ్చిందని మాస్టారికి ఆశ్చర్యం.

''నిన్నగానీ దాన్ని విన్నారా?''

''మీ నాయనమ్మ తద్దినం కదరా నిన్న.''

అదీ సంగతి. నిన్న విన్న ఫైలు మెమరీలో ఇంకా మిగిలే ఉంది. డిస్కు మీద ఆ చోటు బాగుందో చెడిందో ఇక తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. కంగారుపడి మాస్టారు ఖాళీ చేద్దామనుకున్న మెమరీ అదే!

ఆ తర్వాత ఫొటోలు, లెక్కలు, చివరగా పాటలు. చదవలేని ఫైలు దగ్గర ఆగి కొట్టుకోకుండా దాన్ని చీటీలో రాసి ముందుకు పోవాలి. మొరాయించిన చోట్ల కోసం 'డీడీరెస్క్యూ' అనే ఓపికమంతుడైన ప్రోగ్రాము వేరే ఉంది. తేలిగ్గా వచ్చేవన్నీ ముందు లాగేసి, మొండివాటి దగ్గరికి తర్వాత వస్తుంది. మధ్యాహ్నం భోజనాలు అయ్యేసరికి ముప్పాతిక పని అయింది. పూర్తయ్యాక కాపీ చేసిన డిస్కును లాప్‌టాప్‌కి తగిలించి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూశారు. తెరుచుకోని కాపీ కాపీయే కాదు.

లేస్తుందా, లేవదా?

ఇప్పుడు ఆపొచ్చా? ఇంకా కాదు. 611 రోజుల్లో ఎవరెవరు ఏమేం మార్చారో గుర్తు తెచ్చుకోవాలి. గేటు కెమెరా ప్రోగ్రామును కిందటేడు అబ్బాయి అమెరికా నుంచి చేత్తో మొదలుపెట్టాడు. పెట్టె లేచినప్పుడు దానంతటది లేవాలని ఎక్కడా రాయలేదు. రీబూట్ చేస్తే కెమెరా నిద్రపోతుంది. నెల తర్వాత కొబ్బరికాయలు పోయినప్పుడు గానీ ఎవరికీ తెలియదు. నడుస్తున్నవాటి జాబితా ఒకపక్క, లేవగానే లేవాల్సినవాటి జాబితా ఒకపక్క పెట్టి పోల్చారు. రెండు తేడాలు దొరికాయి.

ఇంకో పెద్ద గండం. ఏ డిస్కు ఎక్కడ తగలాలో చెప్పే పట్టీ 'ఎఫ్ఎస్‌ట్యాబ్'. చెడిన డిస్కును తీసేసి, ఆ పట్టీలో దాని వరస అలాగే ఉంచితే ఇప్పటి లైనక్స్ లేచేటప్పుడు దాని కోసం నిమిషంన్నర ఎదురుచూసి, చాలాసార్లు 'అత్యవసరం' అంటూ మొండికేసి కూర్చుంటుంది. తెర లేని పెట్టెకి అలా మొండికేస్తే ఏమైందో కూడా కనపడదు. ఆ వరస ముందు ఓ గుర్తు పెట్టి పక్కనపెట్టారు. కొత్త కెర్నెల్ దిగిందా, దాన్ని దాచే 'బూట్' గదిలో చోటుందా అన్నది కూడా చూసుకున్నారు. ఆ గది నిండిపోయి సగమే రాసిన కెర్నెల్‌తో రీబూట్ చేసి లబోదిబోమన్నవాళ్లు లోకంలో చాలామంది.

''వీధిగదిలో టీవీ ఉందిగా, దాని తీగ పెట్టెకి తగిలించండి. కీబోర్డు ఒకటి తెండి.''

పాత కంప్యూటర్లలో కొన్ని కీబోర్డు లేకపోతే 'కీబోర్డు లేదు, ఏదైనా మీట నొక్కండి' అని అడుగుతాయి. ఎలా నొక్కాలో మాత్రం చెప్పవు! మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. అది ఏళ్లకి నీరసించి పోయి ఉంటే, లేచాక పెట్టెకి తేదీ కూడా గుర్తుండదు. పక్కింటి కుర్రాడు సైకిలేసుకెళ్లి ఓ కొత్త బిళ్ల తెచ్చాడు.

ఆపడానికీ ఓ వరస ఉంది. ముందు కెమెరా, తర్వాత పాటలు, తర్వాత లెక్కలు... రాస్తున్నవాళ్లందరూ కలం మూశాక 'షట్‌డౌన్'. అంతేగానీ ప్లగ్గు పీకడం కాదు. పూర్తిగా బిగుసుకుపోయి ఏ మాటా వినని పెట్టెకి కూడా ఆఖరి మర్యాద ఒకటుంది. ఆల్ట్, సిస్‌రిక్యూ మీటలు పట్టుకుని ఆర్, ఈ, ఐ, ఎస్, యూ, బీ అని ఒక్కో అక్షరం మధ్య కాస్త ఆగుతూ నొక్కితే, కెర్నెల్ నేరుగా వింటుంది. ప్రోగ్రాములను ఆపి, మెమరీలో మిగిలిన రాతలు డిస్కుకెక్కించి, డిస్కులను భద్రంగా మూసి, అప్పుడు రీబూట్ అవుతుంది. కొన్ని లైనక్స్ రకాల్లో ఈ మీటల్ని ముందే కట్టేసి ఉంచుతారు. అవసరం రాకముందే చూసిపెట్టుకోవాలి.

సాయంత్రం నాలుగింటికి పచ్చలైటు ఆరింది. ఫ్యాను రొద ఆగింది. ఆ చప్పుడు ఇంట్లో ఇన్నాళ్లూ ఉందని అది ఆగాకే తెలిసింది. పక్క రేకు విప్పితే అరంగుళం దుమ్ము, ఓ మూల ఎండిపోయిన బల్లి. పాత పెయింటు బ్రష్షుతో మాస్టారు మెల్లగా దులిపారు. చెడిన డిస్కు తీసి గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు, మొండిఫైళ్లేవైనా మళ్లీ లాగాల్సొస్తే ఉంటుందని. బిళ్ల మార్చారు. రేకు బిగించారు. అమెరికాలో తెల్లవారుజామున అయిదున్నర, అబ్బాయి ఇంకా ఫోనులోనే ఉన్నాడు.

బటన్ నొక్కగానే టీవీ మీద తెల్లటి అక్షరాలు జలజలా పరుగెత్తాయి. ఒకచోట ఆగాయి. మాస్టారు ఊపిరి బిగబట్టారు. మళ్లీ కదిలాయి.

''అప్‌టైమ్ ఎంతుంది నాన్నగారూ?''

''మూడు నిమిషాలురా.''

కాగితం తీసి ఒక్కో వరసా పోల్చారు. లోడ్ సున్నా దగ్గర్లో ఉంది. డీలు లేవు. ఎర్ర వరసలు లేవు. కెమెరాలో గేటు కనిపిస్తోంది, గేటు ముందు సైకిలు దిగుతున్న పక్కింటి కుర్రాడు కనిపిస్తున్నాడు.

''అత్తయ్యగారిది ఓసారి పెట్టండి'' అంది ఇల్లాలు, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి బల్ల దగ్గర నిలబడి.

చెల్లి ఇచ్చిన డిస్కులోంచి పెట్టారు. ముందు కాకి అరిచింది.